సినిమా బాగుందా? సినిమా నిజమా?



ఆదివారం మీ ఊళ్ళో ఒక వైజ్ఞానిక కల్పన సినిమా ఆడిందనుకోండి. రోదసీ నౌకలు, రోబోలు, లేజరు తుపాకులు అన్నీ ఉన్న సినిమా. సోమవారం ఉదయం బడిలో ప్రార్థన గంట కొట్టేలోగా ఏం జరుగుతుందో మీకు చెప్పనక్కరలేదు. వేపచెట్టు కింద ఒక గుంపు చేరుతుంది. తలా ఒక మాట అంటారు.

1. "సినిమా బ్రహ్మాండం! నేను మళ్ళీ చూస్తాను."

2. "రోదసిలో నౌక పేలినప్పుడు వచ్చిన చప్పుడు విన్నావా? కుర్చీలు అదిరిపోయాయి! నిజంగా పేలినా అలాగే వినిపిస్తుంది."

3. "హీరో కంటే ఆ రోబోయే నాకు నచ్చింది."

4. "సెల్‌ఫోన్ కనిపెట్టినాయన ఒక టి.వి. సీరియల్ చూసే కనిపెట్టాడట!"

5. "అంతా ఒట్టిది. ఇలాంటి సినిమాల వల్ల పైసా ప్రయోజనం లేదు."

వాదన పెరుగుతుంది. గంట మోగుతుంది. ఎవరి గొంతు పెద్దదైతే వారే గెలిచినట్టు అందరూ తరగతిలోకి వెళ్ళిపోతారు.

వాదన ఎందుకు తేలలేదు? ఒక్కసారి కిరాణా కొట్టును, పాల కేంద్రాన్ని, బట్టల కొట్టును గుర్తుకు తెచ్చుకోండి. కందిపప్పును తూచి ఇస్తారు. పాలను లీటర్లలో కొలుస్తారు. గుడ్డను మీటర్లలో కొలుస్తారు. పప్పును మీటరు బద్దతో కొలవబోతే నవ్వుతారు గదా! పై ఐదు మాటలూ అలాగే ఒక జాతివి కావు. అన్నిటినీ ఒకే కొలతతో కొలవబోయారు కాబట్టే వాదన తేలలేదు. ముందు వాటిని వేరు చేయాలి. ఏ మాటకు ఏ కొలత తగునో తెలుసుకోవాలి. ఈ పాఠంలో మనం చేయబోయే పని అదే.

మూడు బుట్టలు

మొదటి మాట, మూడో మాట చూడండి. "మళ్ళీ చూస్తాను", "నాకు నచ్చింది". ఇవి చెప్పేవారి ఇష్టాన్ని తెలిపే మాటలు. గోంగూర పచ్చడి ఒకరికి ప్రాణం, మరొకరికి పులుపెక్కువ. ఇద్దరిలో ఎవరిదీ తప్పు కాదు. ఇటువంటి మాటలను "ఇష్టం" అనే బుట్టలో వేద్దాం.

రెండో మాట వేరు. రోదసిలో చప్పుడు వినిపిస్తుందా, లేదా అన్నది మన ఇష్టాయిష్టాల మీద ఆధారపడదు. ప్రకృతిని అడిగి తెలుసుకోవాలి. అడగడమంటే ప్రయోగం చేయడం, కొలవడం, లెక్క వేయడం. దీనిని "ప్రకృతి" బుట్టలో వేద్దాం.

నాలుగో మాట ఒకప్పుడు జరిగిన సంగతిని గురించినది. దీనికి ప్రయోగం పనికిరాదు. ఎవరు, ఎప్పుడు, ఏం చేశారో ఆధారాలు వెతకాలి. ఇది "చరిత్ర" బుట్ట.

ఐదో మాట మాత్రం కొంచెం తిరకాసుది. దానిలో రెండు మూడు బుట్టల సరుకు కలిసిపోయి ఉంది. దాని సంగతి చివర చూద్దాం.

మొదటి బుట్ట: ఇష్టం

ఇష్టంలో తప్పొప్పులు లేవన్నాం. అంతమాత్రాన ఇష్టానికి విలువ లేదనుకోకండి. దాని బలం ఎంతటిదో తెలుసుకోవాలంటే "స్టార్ ట్రెక్" కథ వినాలి.

జీన్ రాడెన్‌బెరీ అనే రచయిత రూపొందించిన ఈ ధారావాహిక 1966 సెప్టెంబరు 8న అమెరికాలో ఎన్.బి.సి. టెలివిజన్‌లో మొదలైంది. ఎంటర్‌ప్రైజ్ అనే నౌకలో కొందరు నక్షత్రాల మధ్య తిరుగుతూ కొత్త లోకాలను చూడటమే ఇందులో కథ. చూసినవారు ప్రాణం పెట్టి చూశారు. కాని అలా చూసేవారి సంఖ్య సంస్థకు చాలలేదు. రెండో ఏడాదిలోనే దీన్ని ఆపేస్తారన్న మాట పుట్టింది. అప్పుడు అభిమానులు ఊరుకోలేదు. ఒకరికొకరు చెప్పుకొని ఉత్తరాలు రాశారు. లక్షకు పైగా ఉత్తరాలు వచ్చిపడ్డాయి! ధారావాహిక కొనసాగుతుందని 1968లో టి.వి.లోనే ప్రకటించవలసి వచ్చింది.

కథ అక్కడితో సుఖాంతం కాలేదు. మూడో ఏడాది దాన్ని శుక్రవారం రాత్రి 10 గంటలకు మార్చారు. చూసేవారు ఇంకా తగ్గారు. 79 భాగాలతో 1969లో ధారావాహిక ఆగిపోయింది. లక్ష ఉత్తరాలు వచ్చాక కూడా ఎందుకిలా అయింది? ఇక్కడ ఒక చక్కని గణిత పాఠం ఉంది. ఉత్తరం రాసేది బాగా ఇష్టపడినవారే. చూడనివారు, చూసి ఊరుకున్నవారు ఉత్తరం రాయరు. కాబట్టి ఉత్తరాల కట్టను చూసి దేశమంతటి అభిప్రాయాన్ని అంచనా వేయలేం. మొదటి రోజు మొదటి ఆట చూసి బయటికి వచ్చేవారిని మాత్రమే అడిగి "ఊరంతటికీ సినిమా నచ్చింది" అనడం కూడా ఇటువంటి పొరపాటే. తెల్లవారకముందే టిక్కెట్టు కోసం వరుసలో నిలబడినవారు అభిమానులు కాక మరెవరు? అందరి అభిప్రాయం కావాలంటే అన్ని రకాలవారినీ అడగాలి. అడిగేవారిని ముందే ఏరుకోకూడదు.

సగటుతోనూ జాగ్రత్తగా ఉండాలి. పదిమంది ఒక సినిమాకు పదికి మార్కులు వేశారనుకోండి. ఐదుగురు 10 చొప్పున, ఐదుగురు 1 చొప్పున వేశారు. మొత్తం 55. సగటు 5.5. ఆ అంకె ఒక్కటే చూసినవారు "ఫరవాలేదు, మామూలు సినిమా" అనుకుంటారు. కాని ఆ పదిమందిలో "మామూలు సినిమా" అన్నవారు ఒక్కరూ లేరే! సగం మందికి అది అమృతం, సగం మందికి విషం. సగటుతోపాటు ఏ మార్కు ఎంతమంది వేశారో కూడా చూస్తేనే అసలు సంగతి తెలుస్తుంది.

ఇక స్టార్ ట్రెక్ దగ్గరికి మళ్ళీ వద్దాం. ఆగిపోయిన ధారావాహికను అనేక చోట్ల మళ్ళీ మళ్ళీ ప్రసారం చేశారు. అప్పుడే అభిమానులు అసంఖ్యాకంగా పెరిగారు. 1976లో అమెరికా అంతరిక్ష సంస్థ నాసా తన మొదటి స్పేస్ షటిల్‌ను సిద్ధం చేసింది. దానికి "కాన్‌స్టిట్యూషన్" అని పేరు పెట్టాలనుకున్నారు. కాన్‌స్టిట్యూషన్ అంటే రాజ్యాంగం. అభిమానులు మళ్ళీ కలాలు పట్టుకున్నారు. "దానికి ఎంటర్‌ప్రైజ్ అని పేరు పెట్టండి" అంటూ అధ్యక్షుడు జెరాల్డ్ ఫోర్డ్‌కు కట్టలు కట్టలుగా ఉత్తరాలు రాశారు. పేరు మారింది! 1976 సెప్టెంబరు 17న ఆ వాహనాన్ని బయటికి తెచ్చినప్పుడు ధారావాహికలోని నటులు కూడా వచ్చి నిలబడ్డారు.

అయితే తరువాత జరిగినదే మనకు ముఖ్యం. ఈ ఎంటర్‌ప్రైజ్ ఒక్కసారి కూడా రోదసిలోకి వెళ్ళలేదు. దానికి రోదసికి ఎగరగల ఇంజన్లు లేవు. తిరిగి వచ్చేటప్పుడు పుట్టే వేడిని తట్టుకొనే కవచమూ లేదు. గాలిలో అది ఎలా దిగుతుందో పరీక్షించడానికి తయారైన వాహనమది. 1977లో ఒక పెద్ద విమానం వీపు మీద ఎక్కించి, పైకి తీసుకుపోయి వదిలారు. ఇంజను లేకుండానే గద్దలా తేలుతూ నేలకు దిగింది. మొదట రోదసికి వెళ్ళిన షటిల్ కొలంబియా. అది 1981 ఏప్రిల్ 12న బయలుదేరింది.

చూశారా! ఉత్తరాలు నౌక పేరు మార్చగలిగాయి. నౌకకు ఇంజను పెట్టలేకపోయాయి. పేరు మనుషుల ఇష్టంతో నిర్ణయమయ్యేది. ఎగరడం ప్రకృతి నియమాలతో నిర్ణయమయ్యేది. లక్షమంది ఒక్కటై అడిగినా గురుత్వాకర్షణ వినిపించుకోదు.

రెండో బుట్ట: ప్రకృతి

ఇక చప్పుడు సంగతి. గంట మోగినప్పుడు లోహం కంపిస్తుంది. ఆ కంపనం పక్కనున్న గాలిని నెడుతుంది, ఆ గాలి తన పక్కనున్న గాలిని నెడుతుంది. ఇలా నెట్టుకుంటూ వచ్చి చివరకు మన కర్ణభేరిని తాకుతుంది. దారిలో నెట్టడానికి ఏమీ లేకపోతే? కంపనం అక్కడే ఉండిపోతుంది. గాజుపాత్రలో ధ్వని చేసే వస్తువును ఉంచి, గాలిని తోడివేస్తూ పోతే ధ్వని క్షీణిస్తుందని రాబర్ట్ బాయిల్ 1660లోనే ప్రకటించాడు. గ్రహాల మధ్యనున్న శూన్యంలో పేలుడు జరిగితే వెలుగు కనిపిస్తుంది, చప్పుడు వినిపించదు. చంద్రుడి మీద ఇద్దరు వ్యోమగాములు పక్కపక్కన నిలబడినా రేడియో లేనిదే మాట వినబడదు. తమ శిరస్త్రాణాలను ఒకదానికొకటి గట్టిగా ఆనిస్తే మాత్రం ఘనపదార్థం గుండా మాట వెళ్తుంది.

1977లో వచ్చిన "స్టార్ వార్స్"లో రోదసీ యుద్ధాలన్నీ పెద్ద చప్పుళ్ళతో జరుగుతాయి. అంతకు ముందే, 1968లో, స్టాన్లీ కుబ్రిక్ తీసిన "2001: ఎ స్పేస్ ఒడిస్సీ" మరో దారి తొక్కింది. ఆర్థర్ సి. క్లార్క్ దీని రచనలో పాలుపంచుకున్నాడు. అందులో ఒక వ్యోమగామి శిరస్త్రాణం లేకుండా శూన్యంలోంచి నౌకలోకి దూకే ఘట్టం ఉంది. తలుపు విస్ఫోటనంతో ఊడిపోతుంది. కాని గదిలోకి గాలి వచ్చేదాకా తెర మీద పూర్తి నిశ్శబ్దం! ఆ నిశ్శబ్దానికే ఒళ్ళు జలదరిస్తుంది. నిజం చెబితే కథ చప్పబడుతుందనేవారికి ఇది మంచి జవాబు.

ఇంత జాగ్రత్తగా తీసిన సినిమాలోనూ ప్రేక్షకులు ఒక పొరపాటు పట్టుకున్నారు. బరువు తెలియని స్థితిలో ఒకాయన గొట్టంతో ద్రవాహారం పీలుస్తుంటాడు. పీల్చడం ఆపగానే అది గొట్టంలో కిందికి జారిపోతుంది. బరువు తెలియనప్పుడు "కింద" అనేదే లేదు గదా, ఎక్కడికి జారుతుంది? చిత్రీకరణ జరిగింది భూమి మీద. కెమెరా ముందున్న ద్రవం భూమి మాటే విన్నది!

లేజరు తుపాకీని కూడా ఇలాగే పరీక్షిద్దాం. సినిమాల్లో ఎర్రటి, పచ్చటి కాంతి రేఖలు రోదసిలో దూసుకుపోతూ కనిపిస్తాయి. పెంకుటింట్లో సందులోంచి పడే ఎండ చారను మీరు చూసే ఉంటారు. ఆ చారలో మనకు కనిపించేది గాలిలో తేలే దుమ్ము. దుమ్ము కణాలు కొంత కాంతిని మన కంటివైపు వెదజల్లడం వల్లే చార కనిపిస్తుంది. శూన్యంలో దుమ్ము లేదు. కాబట్టి పక్కనుంచి చూసేవారికి లేజరు రేఖ కనపడదు. అదీగాక కాంతి సెకనుకు సుమారు 3 లక్షల కిలోమీటర్లు పోతుంది. వచ్చే కాంతిని చూసి వంగి తప్పించుకోవడం ఏ వీరుడి వల్లా కాదు. మీరు "చూశాను" అనే సరికే అది మీ కంట్లో పడిపోయింది!

ఇక ప్రయాణాల సంగతి. సూర్యుడి తరువాత మనకు అతి దగ్గరి నక్షత్రం ప్రాక్సిమా సెంటారి. దాని కాంతి మనల్ని చేరడానికి సుమారు 4.24 సంవత్సరాలు పడుతుంది. 1977లో బయలుదేరిన వాయేజర్-1 నౌక సెకనుకు సుమారు 17 కిలోమీటర్ల వేగంతో పోతోంది. కాంతి వేగం దీనికి దాదాపు 17,600 రెట్లు. 17,600ను 4.24తో గుణించండి. ఆ నక్షత్రం దాకా వెళ్ళడానికి వాయేజర్ వేగంతో దాదాపు 75 వేల సంవత్సరాలు కావాలి! స్టార్ ట్రెక్‌లో ప్రతివారం ఒక కొత్త నక్షత్రానికి వెళ్తారు. కాంతిని మించి పోనిదే అది కుదరదు. పదార్థంతో చేసిన ఏ నౌకనూ కాంతి వేగానికి చేర్చలేమని 1905 నాటి ఐన్‌స్టీన్ సిద్ధాంతం చెబుతుంది.

మరొక ఉదాహరణ అంగారకుడిది. 2015లో వచ్చిన "ది మార్షియన్" సినిమా అక్కడ ఒక భయంకరమైన గాలిదుమారంతో మొదలవుతుంది. రాకెట్టు ఒరిగిపోతుందన్న భయంతో వ్యోమగాములు వెళ్ళిపోతారు. ఒక్కడు చిక్కుపడిపోతాడు. ఇది జరిగేదేనా? గాలి నెట్టే బలం రెండు విషయాల మీద ఆధారపడుతుంది. ఒకటి గాలి సాంద్రత. రెండోది వేగం యొక్క వర్గం. అంటే వేగం రెట్టింపైతే బలం నాలుగు రెట్లవుతుంది. అంగారకుడి గాలి సాంద్రత మన గాలిలో సుమారు 60వ వంతు. అక్కడి పెద్ద దుమారాలలో గాలి వేగం గంటకు 100 కిలోమీటర్ల వరకు ఉంటుంది. 60కి వర్గమూలం సుమారు 7.7. నూరును 7.7తో భాగిస్తే 13 వస్తుంది. అంటే అక్కడి 100 కిలోమీటర్ల గాలి ఇక్కడి 13 కిలోమీటర్ల గాలిలా నెడుతుంది. సైకిలు మీద బడికి పోతున్నప్పుడు మీ ముఖానికి తగిలే గాలి అంత. అది రాకెట్టును పడగొట్టలేదు.

ఈ కథ రాసిన ఆండీ వీయర్‌కు ఈ సంగతి తెలుసు. మనిషిని ప్రకృతే ముందు దెబ్బ కొట్టాలి గనుక తెలిసే దుమారం పెట్టానని ఆయన చెప్పాడు. కాని మిగిలిన లెక్కల విషయంలో ఆయన చాలా పట్టుదల మనిషి. ఈ నవలను పుస్తకంగా వేయకముందు ఒక్కొక్క అధ్యాయం చొప్పున పాఠకులకు అందించాడు. రసాయనశాస్త్రం తెలిసినవారు, ఇతర శాస్త్రాలు తెలిసినవారు తప్పులు కనిపెట్టి ఆయనకు రాశారు. ఆయన దిద్దుకున్నాడు. ఇవీ అభిమానుల ఉత్తరాలే! కాని స్టార్ ట్రెక్ ఉత్తరాలకూ వీటికీ తేడా గమనించండి. అక్కడ ఎంతమంది రాశారన్నది లెక్కకు వచ్చింది. ఇక్కడ ఒక్కరే రాసినా చాలు, లెక్క సరిగా ఉంటే. నలభైమంది ఉన్న తరగతిలో ముప్పైతొమ్మిదిమంది "చప్పుడు వినిపిస్తుంది" అని చేతులెత్తి, ఒక్క అమ్మాయి మాత్రం "గాలి లేదుగా, ఎలా వినిపిస్తుంది?" అని అడిగితే, గెలిచింది ఆ అమ్మాయే.

మూడో బుట్ట: చరిత్ర

సెల్‌ఫోన్ మాటకు వద్దాం. స్టార్ ట్రెక్‌లో నాయకుడు చిన్న డబ్బీలాంటి పరికరం మూత తెరిచి మాట్లాడతాడు. తరువాత వచ్చిన మడత ఫోన్లు అచ్చం అలాగే ఉన్నాయి. అందుకే "ఆ సీరియల్ చూసే సెల్‌ఫోన్ చేశారు" అన్న మాట లోకమంతా పాకింది. మోటరోలా సంస్థ ఇంజనీరు మార్టిన్ కూపర్ 1973 ఏప్రిల్ 3న న్యూయార్క్ వీధిలో నిలబడి చేతి ఫోనుతో మొదటిసారి మాట్లాడాడు. ఆ ఫోను బరువు కిలోకు పైనే! మరి ఆయనకు స్ఫూర్తి ఎక్కడిది? తన ఆలోచనకు మూలం అంతకంటే చాలా పాతదైన డిక్ ట్రేసీ బొమ్మల కథల్లోని చేతి గడియారం రేడియో అని ఆయనే తరువాత స్పష్టం చేశాడు. రెండు వస్తువులు ఒకేలా ఉన్నంత మాత్రాన ఒకదాన్ని చూసే మరొకటి చేశారని చెప్పలేం. అన్న తరువాత తమ్ముడు బడికి వస్తాడు. అన్న వచ్చినందువల్లే తమ్ముడు పుట్టాడంటామా?

ఇటువంటి పొరపాటే మరొకటి ఉంది, ఇంకా హానికరమైనది. 1978లో అమెరికాలో "కేప్రికార్న్ వన్" అనే సినిమా విడుదలైంది. అంగారకుడి మీద దిగినట్టు ఒక గదిలో నాటకమాడి లోకాన్ని మోసగించే కథ అది. "సినిమాలో అంత బాగా తీయగలిగారంటే, 1969లో మనిషి చంద్రుడి మీద దిగడం కూడా అలా తీసిందే" అని వాదించేవారు నేటికీ ఉన్నారు. "తీయవచ్చు" అనే మాట నుంచి "తీశారు" అనే మాటకు దూకేస్తారన్నమాట. మధ్యలో ఆధారం ఏది? దిగారనడానికి మాత్రం ఆధారాలున్నాయి. అపోలో 11, 14, 15 యాత్రల్లో చంద్రుడి మీద అమర్చిన ప్రతిఫలకాలకు భూమి నుంచి లేజరు కాంతిని పంపితే అది తిరిగి వస్తోంది. పోయిరావడానికి సుమారు రెండున్నర సెకన్లు పడుతుంది. మన చంద్రయాన్-2 కక్ష్యా నౌక కూడా అపోలో 11 దిగిన చోటును చిత్రించింది.

కథకు ఇచ్చే సెలవు

ఇప్పుడు ఐదో మాట. "అంతా ఒట్టిది, పైసా ప్రయోజనం లేదు." ఇది సరైనదేనా?

కథలో ఒకటి రెండు కాని పనులను మనం ఒప్పుకుంటాం. పంచతంత్రంలో నక్క మాట్లాడితే "నక్కకు స్వరపేటిక ఎలా ఉంది?" అని అడగం. మాట్లాడనిస్తాం. తరువాత అది నక్కలాగే జిత్తులు వేయాలని మాత్రం కోరుకుంటాం. వైజ్ఞానిక కల్పనలోనూ అంతే. స్టార్ ట్రెక్‌లో మనుషులు ఒకచోట మాయమై గ్రహం మీద ప్రత్యక్షమవుతారు. ఈ యంత్రం వెనుక ఉన్న కారణం డబ్బు! ప్రతివారం పెద్ద నౌకను గ్రహం మీద దింపే దృశ్యాలు తీయాలంటే ఖర్చు తలకు మించుతుంది. అందుకని మనుషులనే మాయం చేశారు. అది కథకు ఇచ్చిన సెలవు.

మన తెలుగులోనూ గొప్ప ఉదాహరణ ఉంది. సింగీతం శ్రీనివాసరావు 1991లో తీసిన "ఆదిత్య 369"లో కాలయంత్రం ఎక్కి శ్రీకృష్ణదేవరాయల కాలానికీ, 2504వ సంవత్సరానికీ వెళ్తారు. యంత్రం కల్పన. వెనక్కి వెళ్ళే దారి ఎవరూ కనిపెట్టలేదు. కాని ముందుకు పోవడం? అది కొంచెం నిజం! వేగంగా పోయే గడియారం నెమ్మదిగా నడుస్తుందని సాపేక్ష సిద్ధాంతం చెబుతుంది. రష్యా వ్యోమగామి సెర్గేయ్ క్రికాల్యోవ్ 2005 నాటికి మొత్తం 803 రోజులు భూమి చుట్టూ తిరిగాడు. నేల మీద ఉన్నవారితో పోలిస్తే ఆయన వయస్సు సెకనులో 50వ వంతు తక్కువ పెరిగింది. అంటే అంతమేరకు ఆయన భవిష్యత్తులోకి ప్రయాణించాడన్నమాట! ఆ సినిమా చూసి "ఇది జరుగుతుందా?" అని అడిగిన పిల్లవాడు ఐన్‌స్టీన్ ఇంటి గుమ్మం దాకా వచ్చినట్టే.

ఒక్కొక్కసారి సినిమాయే శాస్త్రజ్ఞుణ్ణి వెంటబెట్టుకొని వస్తుంది. 2014లో వచ్చిన "ఇంటర్‌స్టెల్లార్"కు భౌతికశాస్త్రవేత్త కిప్ థోర్న్ తోడ్పడ్డాడు. కృష్ణబిలం చుట్టూ కాంతి ఎలా వంగుతుందో సమీకరణాలతో లెక్కించి ఆ బొమ్మను తయారుచేశారు. 2019లో ఒక కృష్ణబిలం అసలు ఛాయాచిత్రం మొదటిసారి వెలువడింది. నల్లని నడిబొడ్డు, చుట్టూ వెలుగు వలయం! థోర్న్‌కు 2017లో నోబెల్ బహుమతి వచ్చింది. అది సినిమాకు కాదు సుమా, గురుత్వ తరంగాలను కనిపెట్టే కృషికి.

ఇష్టం మనిషిని ఎంత దూరం తీసుకుపోగలదో చెప్పడానికి ఒక్క పేరు చాలు. చిన్నప్పుడు స్టార్ ట్రెక్‌ను ఇష్టంగా చూసిన నల్లజాతి అమ్మాయి మే జెమిసన్ డాక్టరయింది. 1992లో స్పేస్ షటిల్ ఎక్కి రోదసిలోకి వెళ్ళింది. అలా వెళ్ళిన నల్లజాతి స్త్రీలలో ఆమే మొదటిది. కాంతిని మించి పోయే నౌక కల్పన. ఆ నౌకలో తనలాంటి స్త్రీ ఒకరు పనిచేస్తుండటం చూసి పొందిన ఉత్సాహం నిజం. ఆమె ఆ ఉత్సాహంతో చదివింది, లెక్కలు నేర్చింది, అసలైన నౌక ఎక్కింది.

కాబట్టి పిల్లలూ, ఇకమీదట మీకు నచ్చిన సినిమాలో ఒక తప్పు కనిపిస్తే చిన్నబుచ్చుకోకండి. "ఆ దృశ్యం తప్పు. అయినా సినిమా నాకు ప్రాణం" అని ధైర్యంగా చెప్పవచ్చు. రెండు మాటలూ రెండు బుట్టలవి. ఒకదానితో ఒకటి కొట్లాడుకోవు. అలాగే స్నేహితుడికి నచ్చిన సినిమాలో తప్పు చూపేటప్పుడు అతని ఇష్టాన్ని వెక్కిరించకండి. లెక్క చూపించండి, చాలు.

చేసి చూడండి

1. బల్ల మీద ఒక చెవి ఆనించి, రెండో చెవి మూసుకోండి. బల్ల రెండో చివర స్నేహితుణ్ణి గోటితో మెల్లగా గీకమనండి. తరువాత తల పైకెత్తి వినండి. ధ్వని ఏ మార్గంలో బాగా వచ్చింది?

2. చీకటి గదిలో టార్చిలైటును గోడ మీదికి వేసి పక్కనుంచి చూడండి. తరువాత ఆ వెలుగు దారిలో రెండు డస్టర్లను తట్టండి. ఏం కనిపించింది? లేజరు కాంతిని మాత్రం ఎవరి కంట్లోకీ వేయకండి.

3. మీ తరగతిలో ఒక సినిమాకు పదికి మార్కులు వేయమని అడగండి. పేర్లు లేకుండా చీటీల మీద రాయించండి. సగటు కట్టండి. ఏ మార్కు ఎంతమంది వేశారో గళ్ళ కాగితం మీద కమ్మీల పటం గీయండి. సగటుకు దగ్గరగా ఎంతమంది ఉన్నారు?

ఈ మాటలు ఏ బుట్టలోవి?

(అ) "ఆ సీరియల్‌లో అత్తగారి పాత్రే బాగుంది."

(ఆ) "చంద్రుడి మీద విసిరిన బంతి ఇక్కడికంటే ఎక్కువ దూరం పోతుంది."

(ఇ) "ఆదిత్య 369 వచ్చింది 1991లో."

(ఈ) "ఈ సినిమా అందరికీ నచ్చింది."

నాలుగోదానికి జవాబు రాసేముందు కాస్త ఆగండి. అది ఇష్టం గురించిన మాటే. అయినా నిజమో కాదో లెక్కపెట్టి తేల్చవచ్చు. ఎవరిని అడిగారు, ఎందరిని అడిగారు అన్నది ముందు కనుక్కోండి.